ఎదురుగా ఎవరూ లేని గది

2023 అక్టోబరు 3, మంగళవారం

ఉత్తర ఇంగ్లండులో ఒకప్పటి నూలు మిల్లుల ఊరు. స్టేషను దిగి, మార్కెట్టు దాటి, రాతిమెట్ల సందులోంచి పైకెక్కాను. మలుపు తిరగ్గానే బూడిదరంగు కాంక్రీటు గోడ, చదునైన కప్పు, కప్పు నడిమధ్య పైకి లేచిన అద్దాల గూడు. శిలువ లేదు, గంట లేదు, శిఖరం లేదు. బోర్డు చదవకపోతే ఏ మునిసిపల్ లైబ్రరీయో అనుకుని వెళ్లిపోతాం. ఇది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ ప్రార్థనకు కూడే మీటింగ్ హౌస్. 1971లో కట్టారు.

నన్ను పిలిపించింది ఇక్కడి సభ్యులే. ఆదివారాలు వచ్చేది ఇరవై మంది లోపు. కప్పు కారుతోంది. చలికాలంలో గది వెచ్చబడదు. అన్నిటికంటే వాళ్లను బాధపెడుతున్నది మూడు మెట్లు. ముందు గది నుంచి ప్రార్థన గదిలోకి మూడు మెట్లు దిగాలి. ఇక్కడ నలభై ఏళ్లు కూర్చున్న ఒకాయన చక్రాల కుర్చీలోకి వచ్చాక రావడం మానేశారు. మెట్ల మీద వాలుదారి వేయాలా వద్దా అన్నది తేలాలంటే ముందు ఈ కట్టడానికి వారసత్వ విలువ ఉందా, ఉంటే ఎంత, అది ఎందులో ఉంది అన్నది తేలాలి. ఆ పని నాది.

వారసత్వ కట్టడాల జాతీయ జాబితాకు దరఖాస్తు పెడదామని కొందరు. జాబితాకెక్కితే ప్రతి మార్పుకూ అనుమతుల చుట్టూ తిరగాలని కొందరి భయం. భయానికి కారణం ఉంది. ఆంగ్లికన్, కాథలిక్, మెథడిస్టు చర్చిలకు చట్టం మినహాయింపు ఇచ్చింది. అవి తమ సొంత కమిటీల ద్వారా ఇలాంటి అనుమతులు చూసుకుంటాయి. క్వేకర్లకు ఆ మినహాయింపు లేదు. అందరిలాగే కౌన్సిల్ గుమ్మం ఎక్కాల్సిందే.

తాళం తీసిన పెద్దావిడకు ఎనభై దాటి ఉంటాయి. "పేరు పెట్టి పిలువు, మాలో బిరుదులు లేవు" అన్నారు. నా నోరు రాలేదు. క్వేకర్ల మొదటి తరం, 1650ల్లో, జడ్జి ఎదుట కూడా టోపీ తీసేవాళ్లు కాదు. అప్పటి ఇంగ్లీషులో మన నువ్వు, మీరు లాంటి తేడా ఉండేది. వీళ్లు ప్రభువునైనా పాలేరునైనా ఒకేలా 'నువ్వు' అనేవాళ్లు. దానికి దెబ్బలు తిన్నారు, జైలుకు వెళ్లారు. ఇంగ్లీషులో ఆ తేడా పోయింది కాబట్టి ఇప్పటి పిల్లలకు అందులో ధైర్యం ఏముందో వివరించి చెప్పాలి. తెలుగువాళ్లకు అక్కర్లేదు. దొర ముఖం మీద 'నువ్వు' అన్న కూలీ గతి ఏమయ్యేదో మనకు బాగా తెలుసు.

అక్టోబరు 8, ఆదివారం

పదిన్నరకు ప్రార్థన మొదలైంది. అంటే పదిన్నరకు మాటలు ఆగాయి.

నాలుగు పక్కలా సమానంగా ఉన్న గది. మధ్యలో చిన్న బల్ల, దాని మీద కూజాలో చామంతులు. బల్ల చుట్టూ విడి కుర్చీలు రెండు వరసలుగా. పాస్టరు లేడు, పాట లేదు. ఎవరికైనా లోపలి నుంచి మాట వస్తే లేచి చెప్పవచ్చు. రాకపోతే గంటసేపూ మౌనమే.

మొదటి పావుగంట నేను ఉద్యోగం మానలేదు. కళ్లతోనే కప్పు కొలిచాను, చెమ్మ మరకలు లెక్కపెట్టాను. ఆ తరవాత ఎక్కడ చూడాలో తోచలేదు. గుడిలో చూపుకు ఒక గమ్యం ఉంటుంది. మంటపం, అంతరాళం, గర్భగుడి, ఒకదాని తరవాత ఒకటి దాటుకుంటూ చూపు వెళ్లి దేవుడి మీద ఆగుతుంది. కట్టడం మొత్తం ఆ దర్శనం కోసమే. ఇక్కడ చూపు బయల్దేరి ఎదుటి కుర్చీలో మనిషి దగ్గర ఆగింది. ఆ మనిషి కళ్లు మూసుకుని ఉన్నాడు. కిటికీలు తలకంటే ఎత్తున ఉన్నాయి కాబట్టి వీధి కనబడదు. పైన అద్దాల గూడు నుంచి వెలుగు దిగుతోంది. మబ్బు కమ్మినప్పుడల్లా గది అంతా ఒకేసారి మసకబడి, మళ్లీ ఒకేసారి తేటపడుతోంది. ఎవరి మీదా ఎక్కువ పడదు, ఎవరి మీదా తక్కువ పడదు.

నలభై నిమిషాల తరవాత ఒకాయన లేచి, ఆస్పత్రిలో ఉన్న పొరుగింటివాడి గురించి నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. ఎవరూ బదులు చెప్పలేదు. చెప్పిన మాట మౌనంలో కాసేపు నానింది. పదకొండున్నరకు ఇద్దరు పెద్దలు చేతులు కలుపుకున్నారు. అందరూ పక్కవాళ్లతో చేతులు కలిపారు. అయిపోయింది.

టీ దగ్గర పెద్దావిడతో, మెట్లు దిగుతుంటే నా అడుగు దానంతటదే నెమ్మదించింది అన్నాను. ఆవిడ తలూపారు. "కట్టినాయన కావాలనే అలా పెట్టాడు. మూడు మెట్లు దిగేలోపు వీధి వెనక్కి పోతుంది." కాసేపు ఆగి అన్నారు: "అయినా ఈ ఇల్లు మాకు పవిత్రం కాదు. చెట్టు కింద కూర్చున్నా అదే ప్రార్థన."

ఏ చోటూ పవిత్రం కాదని నమ్మేవాళ్ల చోటుకు విలువ కట్టడం ఎలా? ఇప్పటివరకు నేను చూసిన ప్రతి గుడికీ, చర్చికీ, మసీదుకూ వాళ్లే ముందు విలువ కట్టి నా చేతికి ఇచ్చారు.

అక్టోబరు 11, బుధవారం

రోజంతా కొలతలు, ఫొటోలు. సాయంత్రం నాలుగింటికి ఎండ వాలినప్పుడు ఉత్తరం గోడ దగ్గర నిలబడిపోయాను.

దూరం నుంచి చదునుగా కనబడిన గోడ దగ్గరికి వెళితే చెక్కలా ఉంది. కాంక్రీటు పోసినప్పుడు పట్టి ఉంచిన సెంట్రింగ్ చెక్కల గీతలన్నీ దాని మీద అచ్చుపడ్డాయి. ఒక్కో చెక్క బెత్తెడు వెడల్పు. చెక్కకూ చెక్కకూ మధ్య సన్నటి గీటు. ఒక చోట చెక్కలోని ముడి, కన్నులా గుండ్రంగా. ఇంకో చోట మేకు తల దిగిన గుర్తు. వేలితో తడిమితే దేవదారు పొర చేతికి తగిలింది. ఆ చెక్క యాభై ఏళ్ల కిందటే పొయ్యిలోకి పోయి ఉంటుంది. దాని గీతలు మాత్రం ఇక్కడ రాయిలో ఉన్నాయి.

రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. తెనాలిలో ముప్పై ఏళ్లు సెంట్రింగ్ మేస్త్రిగా చేసిన మనిషి. సర్వి కర్రల మీద చెక్కలు పరిచి, వాడేసిన ఇంజను ఆయిలు పూసి, స్లాబు పోసిన రాత్రి ఇంటికి రాకుండా అక్కడే కాపలా పడుకునేవాడు. ఫొటో పంపాను.

"చెక్క ఆనవాళ్లు అలాగే ఉన్నాయేమ్మా. ప్లాస్టరింగు చెయ్యలేదా? డబ్బు చాలక వదిలేశారా?"

"కావాలనే వదిలేశారు నాన్నా. పూత పూస్తే లోపల ఉన్నదాన్ని దాచినట్టని."

అవతల కాసేపు మాట లేదు. తరవాత అన్నాడు: "అలాగైతే ఆ మేస్త్రి ఎంత జాగ్రత్తగా చేసుండాలి! మా పనిలో చెక్క కాస్త వంకరైనా, పాలు కారినా, పైన ప్లాస్టరింగు ఉందిలే అనుకునేవాళ్లం. ఆ ధీమా లేకపోతే ప్రతి చెక్కా చూసి వేసుకోవాలి. నా పనిని అలా బయట పెడతానంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు."

ఫోన్ పెట్టేశాక ఆ మాట అలాగే రాసిపెట్టుకున్నాను. క్వేకర్లు పాటించే నియమాల్లో సత్యం ఒకటి, నిరాడంబరత ఒకటి. కోర్టులో ప్రమాణం చెయ్యమంటే చెయ్యమనేవాళ్లు. ప్రమాణం చేస్తే నిజం చెబుతాను అంటే, మిగతా వేళల్లో అబద్ధమాడతాననే గదా అర్థం అన్నది వాళ్ల వాదన. ఆ మనుషులకు పూత లేని గోడ నప్పింది. రిపోర్టులో 'సౌందర్య విలువ' అనే శీర్షిక కింద ఉత్తరం గోడ గురించి రాయాలి. ఆ శీర్షిక ఈ విషయానికి చాలదు.

అక్టోబరు 16, సోమవారం

పోల్చి చూడకుండా విలువ కట్టలేం. అందుకే శని, ఆదివారాలు లండనులో ఉన్నాను.

ఆదివారం బ్లాక్‌హీత్. ఆధునిక మీటింగ్ హౌసుల మాట వస్తే ముందు చెప్పుకునేది దీన్నే. ట్రెవర్ డన్నట్ గీసిన కట్టడం, 1972లో పూర్తయింది. ఆయన యువకుడిగా రాయల్ ఫెస్టివల్ హాలు కట్టిన జట్టులో పనిచేశాడు. 2021లో నూటొక్క ఏళ్ల వయసులో పోయాడు. స్థలం ఇరుకు, నేల ఏటవాలు. ఆ వాలును అడ్డంకిగా చూడకుండా వాడుకున్నాడు: ఒక అంతస్తు వాలులో కిందికి ఒదిగింది, ప్రార్థన గది పైన ఉంది. చతురస్రానికి నాలుగు మూలలూ చెక్కేసినట్టు ఉంటాయి. నడినెత్తిన అద్దాల గూడు. వాస్తుశిల్పులు దాన్ని లాంతరు అంటారు. ఇక్కడ ఆ మాట అక్షరాలా నిజం. కాంక్రీటు, చెక్క, వెలుగు, ఈ మూడే. అది ఇప్పుడు గ్రేడ్ 2 జాబితాలో ఉంది.

మిల్లుల ఊళ్లోని నా కట్టడానికి ఇది దగ్గరి చుట్టం. చుట్టమే గాని సమానం కాదు. బ్లాక్‌హీత్‌లో మూల తిరిగే చోట కాంక్రీటు అంచు కత్తితో కోసినట్టుంది. నా దాంట్లో అక్కడక్కడ తడబాటు ఉంది. ఇది ఒప్పుకోవాలి.

ఇవాళ పొద్దున యూస్టన్ రోడ్డులో ఫ్రెండ్స్ హౌస్. హ్యూబర్ట్ లిడ్‌బెటర్ 1920ల్లో కట్టింది, బ్రిటన్ క్వేకర్ల కేంద్ర కార్యాలయం. రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీ లండనులో దిగిన రోజు, 1931 సెప్టెంబరు 12న, స్వాగత సభ జరిగింది ఇక్కడే. అక్కడ ముందు తోటలో బెంచీ మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాను. సత్యాగ్రహంలోని మొదటి సగాన్ని ఈ మనుషులు వెంటనే గుర్తుపట్టి ఉంటారు.

అక్టోబరు 20, శుక్రవారం

బాబెట్ తుపాను. మూడు రోజులుగా వాన. మధ్యాహ్నం పెద్దావిడ ఫోన్: "వచ్చి చూడు, నీ రిపోర్టుకు పనికొస్తుంది."

ప్రార్థన గదిలో నాలుగు బకెట్లు. అద్దాల గూడు చుట్టూ ఫెల్టు చిట్లిన చోటల్లా చుక్కలు. బయట పిట్టగోడ పక్కన కాంక్రీటు పెచ్చు ఒకటి ఊడి పడింది. లోపలి కడ్డీ తుప్పుపట్టి ఎర్రగా కనబడింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. కాంక్రీటుకు వచ్చే జబ్బుల్లో ఇది మామూలుదే, నయమయ్యేదే. కానీ పెచ్చు ఊడిన చోట మామూలు సిమెంటు మెత్తితే ఆ చోటు జన్మంతా మచ్చలా ఉండిపోతుంది. పాత కంకర రంగు, ఇసుక ఛాయ చూసి కలపాలి. చెక్క గీతలు మళ్లీ తేవాలి. అది తెలిసిన పనివాళ్లు తక్కువ, ఖర్చు ఎక్కువ.

ఆవిడ బకెట్లు మారుస్తూ అన్నారు: "ఈ కప్పుకు పెట్టే డబ్బుతో ఊళ్లో ఫుడ్ బ్యాంకు ఒక ఏడాది నడుస్తుంది. ఆ లెక్క కూడా నీ రిపోర్టులో ఉంటుందా?"

ఉండదు. ఆ శీర్షిక లేదు. అయినా దాన్ని పక్కన పెట్టి ఈ రిపోర్టు రాయలేను.

అక్టోబరు 24, మంగళవారం

నిన్న దసరా. అమ్మ వీడియోలో పూజ చూపించింది.

ఇవాళ కాగితాల పని. వారసత్వ కట్టడాలను చూసే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండుకు 2008 నుంచి వస్తున్న పద్ధతిలో విలువలు నాలుగు రకాలు. కట్టడం గతానికి ఏం సాక్ష్యం చెబుతుంది, ఏ చరిత్రతో ముడిపడింది, కంటికీ మనసుకూ ఏమిస్తుంది, మనుషులకు ఏమవుతుంది. కొన్నేళ్ల కిందట క్వేకర్లూ ఆ సంస్థా కలిసి బ్రిటన్‌లోని 340 పైచిలుకు మీటింగ్ హౌసులకు ఇదే వరసలో లెక్క రాయించారు. స్థానిక సభ్యులే తమ చోటు గురించిన ప్రశ్నలకు జవాబులు నింపి పంపారు. గొప్ప పని. ఆ పద్ధతిలో నాకు ఇబ్బంది లేదు.

ఇబ్బంది చట్టంతో. జాతీయ జాబితాకెక్కాలంటే కట్టడానికి విశేషమైన వాస్తు ప్రాధాన్యమో, చారిత్రక ప్రాధాన్యమో ఉండాలి. 1700కు ముందువి అసలు రూపం నిలబెట్టుకుంటే దాదాపు అన్నీ ఎక్కుతాయి. 1945 తరవాతివైతే ఏరి ఏరి తీసుకుంటారు. యుద్ధానంతర కట్టడం మొదటిసారి జాబితాకెక్కింది 1987లోనే, లండనులో బ్రాకెన్ హౌస్. అందుకే ఆధునిక కట్టడం గురించి రాసేటప్పుడు 'విశేషం' అన్న మాట దగ్గర కలం ఆగుతుంది. ఈ కట్టడాన్ని కట్టించినవాళ్లు విశేషంగా ఉండకూడదనే కోరుకున్నారు. అప్పటి మినిట్స్ పుస్తకం చూపించారు. వాస్తుశిల్పి మొదట గీసిన పెద్ద కిటికీని, అవసరానికి మించిందని, తీసేయమన్నారు. వాళ్ల నిష్ఠే ఇప్పుడు వాళ్ల అర్హతకు అడ్డం.

వాస్తుశిల్పి లారీ బేకర్ గుర్తొచ్చారు. 2009లో కాలేజీ నుంచి తిరువనంతపురం వెళ్లి ఆయన కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ చూశాం. పూత లేని ఇటుక గోడలు, జాలీల్లోంచి నేల మీద పడే చుక్కల ఎండ. ఖర్చు తగ్గించే ఇంజనీరుగానే ఆయన్ను మాకు చెప్పారు. ఆయన బర్మింగ్‌హామ్‌లో పుట్టిన క్వేకరు. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టనని, ఫ్రెండ్స్ అంబులెన్స్ యూనిట్‌తో చైనా వెళ్లి రోగుల సేవ చేశాడు. తిరుగు ప్రయాణంలో బొంబాయిలో ఓడ కోసం ఆగినప్పుడు గాంధీని కలిశాడు. 1945లో కుష్ఠు రోగుల మిషన్ పని మీద మన దేశం వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఆయన పెళ్లి చేసుకున్న డాక్టర్ ఎలిజబెత్ జేకబ్ అంతకుముందు హైదరాబాదులో పనిచేసేవారు. ఇటుకను ఇటుకలా కనబడనివ్వడం ఆయనకు పొదుపు ఒక్కటే కాదు, అబద్ధం ఆడకపోవడం కూడా. పద్నాలుగేళ్ల కిందట చూసిన గోడ ఇవాళ అర్థమైంది.

అక్టోబరు 28, శనివారం

సెడ్‌బర్ దగ్గర బ్రిగ్‌ఫ్లాట్స్. నది పక్కన పల్లె, సున్నం కొట్టిన రాతి ఇల్లు, గుమ్మం మీద 1675 అని చెక్కిన అంకెలు. క్వేకర్లు ఐదుగురు కలిసి ప్రార్థనకు గుమిగూడినా నేరం అయిన రోజులవి. వాళ్ల ప్రార్థనకు చట్టం ఒప్పుకున్నది 1689లో. అంటే చట్టం రావడానికి పద్నాలుగేళ్ల ముందే గుమ్మం మీద తేదీ వేసి మరీ కట్టుకున్నారు.

లోపల నల్లబడిన ఓక్ చెక్క, మేడ వసారా. మెట్ల మొదట్లో చిన్న కటకటాల గూడు. గొర్రెల కాపరులు ప్రార్థనకు వస్తే వెంట వచ్చే కుక్కల్ని ఉంచడానికి. ప్రార్థనలోకి ఎవరు ఎలాంటి బతుకు నుంచి వచ్చేవాళ్లో ఆ గూడు చెబుతుంది.

ఇంకోటి చూశాను. ఒక గోడ వెంట ఎత్తైన బెంచీ, మిగతా బెంచీలన్నిటికీ ఎదురుగా. పెద్దలు, మాట వరం ఉన్నవాళ్లు అక్కడ కూర్చునేవాళ్లు. పాత మీటింగ్ హౌసుల్లో చాలావాటిలో ఇలాంటి ఎదురు బెంచీ ఉంటుంది. ఆడవాళ్ల పనుల సభ వేరుగా జరగడానికి చాలాచోట్ల మధ్యలో చెక్క తడికలు ఉండేవి. ప్రభువును 'నువ్వు' అన్నవాళ్ల ఇంట్లోనూ ఎదురుగా కూర్చునే కొందరు, తడిక అవతల కూర్చునే కొందరు ఉన్నారన్న మాట. ఇరవయ్యో శతాబ్దంలో ఆ పద్ధతులు పోయాయి. కుర్చీలు గుండ్రంగా తిరిగాయి.

తిరుగు బస్సులో ఆ సంగతి తట్టి నోటుబుక్కు తీశాను. 1971 గదిలో ఎదురు బెంచీ లేదు, ఎత్తు లేదు, తడిక లేదు. మూడు వందల ఏళ్లుగా చెబుతూ వచ్చిన సమానత్వాన్ని మొదటి నుంచీ నేల మీద గీసి కట్టిన గది అది. బ్రిగ్‌ఫ్లాట్స్ ముసలిది కాబట్టి విలువైంది, మనది పడుచుది కాబట్టి ఆగాలి అనుకుంటూ వచ్చాను. ఆ వరస సరికాదు. ఒక నమ్మకం తన మాటకు తాను ఇంకాస్త దగ్గరగా జరిగిన రోజును ఆ కాంక్రీటు గది దాచిపెట్టింది. చారిత్రక విలువ అనే శీర్షిక కింద రాయాల్సింది అదీ.

నవంబరు 5, ఆదివారం

ప్రార్థన తరవాత పనుల సభ. చర్చకు నన్నూ కూర్చోమన్నారు.

వీళ్లు ఓట్లు వెయ్యరు. ఒకరు మాట్లాడాక కాసేపు మౌనం, ఆ తరవాతే ఇంకొకరు. అందరి మనసూ ఎటు వాలుతోందో క్లర్కు గ్రహించి, అక్కడికక్కడే నిర్ణయం రాసి చదువుతారు. ఒప్పుకోలు కుదిరేదాకా మాటలు మారుస్తారు. కుదరకపోతే ఆ సంగతి వచ్చే నెలకు వెళుతుంది.

మౌనం అర్ధాంగీకారం అని మనకు సామెత. పెళ్లిచూపుల్లో తల వంచుకున్న పిల్ల మౌనాన్ని, పంచాయతీలో వెనక నిలబడ్డ పేదవాడి మౌనాన్ని ఆ సామెతతోనే లెక్కగట్టారు. ఇక్కడి మౌనం ఇంకో రకం. మాట్లాడనివాళ్ల వైపు క్లర్కు తల తిప్పి, తొందరపడకుండా, చూస్తూ ఉన్నారు. పెదవి విప్పని మనిషి ఒప్పుకున్నట్టు ఎవరూ రాసుకోలేదు.

మెట్ల దగ్గర ముడిపడింది. ఒకాయన, కట్టినప్పుడు కుర్రవాడు, ఆ మెట్లు పోతే గది పోయినట్టే అన్నారు. గొంతు వణికింది. ఒకావిడ, రాలేని మనిషి ఉన్నంతకాలం గది ఇప్పటికే పోయినట్టు అన్నారు. ఇద్దరి మాటల మధ్యా చాలాసేపు ఏమీ లేదు. నన్ను అడిగారు.

నాకు తెలిసింది చెప్పాను. ఆ మెట్లు వాస్తుశిల్పి ఆలోచనలో భాగమే, వాటికి విలువ ఉంది. అడుగు నెమ్మదించడం వాటి పని. వాలుదారి కూడా అడుగును నెమ్మదింపజేస్తుంది. మెట్లను తియ్యకుండా, తూర్పు గోడ వెంట నిడివైన వాలు వేయవచ్చు. అందరూ ఆ వాలు మీదే దిగవచ్చు. అప్పుడు చక్రాల కుర్చీకి వేరే దారి అనేది ఉండదు.

క్లర్కు రాశారు, చదివారు. మెట్ల గురించి మాట్లాడినాయన ఒక్క మాట మార్చమన్నారు. 'వేయాలి' అని ఉన్నచోట 'చెక్కతో వేసి చూడాలి' అని. మార్చారు. అందరూ సరేనన్నారు.

నవంబరు 9, గురువారం

రిపోర్టు ముగించాను. రాత్రి పన్నెండైంది.

సాక్ష్య విలువ: తక్కువ. చారిత్రక విలువ: మధ్యస్థం. సౌందర్య విలువ: మధ్యస్థం. ప్రార్థన గదికీ ఉత్తరం గోడకూ ఎక్కువ. సామాజిక విలువ: ఎక్కువ.

జాతీయ జాబితాకు సిఫారసు చెయ్యలేదు. బ్లాక్‌హీత్ పక్కన పెట్టి చూస్తే నిలబడదు. నాకు ఇష్టమైంది గనక నిలబడుతుందని రాయలేను. పూత పూసినట్టవుతుంది. కౌన్సిల్ వారి స్థానిక జాబితాకు సిఫారసు చేశాను. దాంతో జాతీయ జాబితా అంత రక్షణ రాదు గాని, ప్లానింగ్ అనుమతి అడిగినప్పుడు అధికారి దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సి ఉంటుంది.

ముట్టుకోకూడనివి అని ఒక పుట రాశాను. పై నుంచి దిగే వెలుగు. వీధి కనబడని ఎత్తు కిటికీలు. పూత లేని గోడలు. వేదిక లేకపోవడం. కుర్చీలు విడివిడిగా ఉండడం. చివరి రెండూ రాస్తున్నప్పుడు చెయ్యి ఆగింది. ఇప్పటిదాకా ఎన్నో రిపోర్టుల్లో ఉన్నవాటిని కాపాడమని రాశాను. లేనిదాన్ని కాపాడమని రాయడం ఇదే మొదలు. ఆ ఖాళీని చూసుకోకపోతే రేపు ఎవరో మంచి మనసుతోనే ఒక మూల చిన్న స్టేజీ వేస్తారు, తెర దింపుతారు, కుర్చీలు అటు తిరుగుతాయి. గోడలన్నీ ఉంటాయి, గది ఉండదు.

మార్చుకోదగినవి: కప్పు ఫెల్టు, దాని కింద చలి ఆపే పొర, వంటగది, మరుగుదొడ్లు, తూర్పు గోడ వెంట వాలు.

సెంట్రింగ్ పనివాళ్ల గురించి ఒక పేరా చేర్చాను. వాళ్ల పేర్లు మినిట్స్ పుస్తకంలో లేవు. వాస్తుశిల్పి పేరు ఉంది. ఉత్తరం గోడ నాణ్యతలో సగం ఆ చెక్కలు బిగించిన చేతులదని రాశాను. నాన్నకు చదివి వినిపిస్తే "అది కూడా రాస్తారా మీ కాగితాల్లో?" అన్నాడు. "రాశాను నాన్నా" అన్నాను.

నవంబరు 12, ఆదివారం

ఇవాళ దీపావళి. ఇక్కడ యుద్ధమృతుల స్మరణ దినం కూడా. రెండూ ఒకే ఆదివారం పడ్డాయి. పని అయిపోయింది, నేను వెళ్లాల్సిన అవసరం లేదు. అయినా వెళ్లాను.

తూర్పు గోడ వెంట కొత్త చెక్క వాలు, ఇంకా రంపపు పొట్టు వాసనతో. సభ్యుల్లోనే ఒక వడ్రంగి శుక్ర, శనివారాల్లో వేశాడట. పెద్దావిడ కోటుకు తెల్లని పాపీ పువ్వు. ఎర్రది సైనికుల కోసం, తెల్లది యుద్ధంలో పోయిన అందరి కోసం, ఇక యుద్ధమే వద్దని.

పదిన్నరకు మాటలు ఆగాయి. కుర్చీల వరసలో ఒక చోట ఖాళీ వదిలారు. ఐదు నిమిషాలకు వాలు మీద చక్రాల చప్పుడు. ఆయన నెమ్మదిగా దిగి ఆ ఖాళీలోకి వచ్చి ఆగారు. ఎవరూ లేవలేదు, ఎవరూ పలకరించలేదు. మెట్ల గురించి గొంతు వణికినాయన పక్కనే ఉన్నారు. ఆయన ఒక్కసారి కళ్లు తెరిచి, చూసి, మళ్లీ మూసుకున్నారు.

పదకొండింటికి కింద స్మారక స్తంభం దగ్గర బూర ఊదారు. ఊరంతా రెండు నిమిషాలు ఆగిపోయింది. బస్సులు ఆగాయి, మార్కెట్టు ఆగింది. అరగంటగా ఒంటరిగా ఉన్న మా మౌనంలోకి బయటి మౌనం వచ్చి కలిసింది. ఈ గోడ ఇన్నాళ్లూ ఎంత చప్పుడును ఆపుతోందో అప్పుడు తెలిసింది.

రెండు నిమిషాలు కాగానే మళ్లీ బూర. బస్సు కదిలింది. కింద ఎవరో పిల్లవాణ్ణి పిలిచారు. లోపల ఎవరూ కదల్లేదు. ఇంకా అరగంట ఉంది. పైన మబ్బు తొలగినట్టుంది, అందరి మీదా ఒకేసారి వెలుగు పడింది.